ఖాళీ ఆసనం ఎదుట: సన్నిధి, మాధ్యమం, బౌద్ధ చింతన



ఈ స్మారకోపన్యాసం చేసే గౌరవాన్ని నాకు అప్పగించిన నిర్వాహకులకు కృతజ్ఞుణ్ణి. ఎవరి పేరిట మనమిక్కడ సమావేశమయ్యామో ఆ ఆచార్యులవారు జీవితమంతా శాసనాలు చదివారు, చదివించారు. పరిశోధనాంశం కోసం తన దగ్గరికి వచ్చిన విద్యార్థిని ఆయన ఏ పుస్తకం చదివావని మొదట అడిగేవారు కాదు. ఏ రాయి చూశావు, ఎక్కడ నిలబడి చూశావు అని అడిగేవారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేనివాడికి అంశం ఇచ్చేవారు కాదు. ఈరోజు నేను మాట్లాడబోయే విషయం పైకి ఎంత సైద్ధాంతికంగా కనిపించినా, దాన్ని కూడా ఒక రాతి దగ్గరే నిలబెట్టాలని నా ప్రయత్నం.

కొన్నేళ్లుగా జర్నలిజం శాఖ నుంచీ తత్త్వశాస్త్ర శాఖ నుంచీ చరిత్ర శాఖ నుంచీ విద్యార్థులు ఒకే రకమైన కోరికతో వస్తున్నారు. సన్నిధి, మాధ్యమం, బౌద్ధ చింతన, ఈ మూడింటినీ కలిపి పరిశోధించాలని ఉంది, ఏ దిశగా వెళ్లాలో తెలియడం లేదు అంటున్నారు. వారి ప్రతిపాదనలు చదివినప్పుడు రెండు దారులు పదేపదే కనిపిస్తాయి. ఒకటి, వర్చువల్ రియాలిటీలో ఈనాడు మనం చూస్తున్నదాన్నే బౌద్ధులు మాయ అన్నారు, వారికి ఇదంతా ముందే తెలుసు అని నిరూపించబోయే దారి. రెండోది, సెల్‌ఫోన్ మనసును చెదరగొడుతుంది, బౌద్ధ ధ్యానం దాన్ని కుదుటపరుస్తుంది, కాబట్టి ఒకటి రోగం, మరొకటి మందు అనే దారి. మొదటిది రెండువేల ఏళ్ల చరిత్రను ఒక్క పోలికలో కలిపేస్తుంది. రెండోది ఒక మహా సంప్రదాయాన్ని ఔషధంగా కుదించేస్తుంది. ఈ రెండు దారుల్లో నడవడానికి బౌద్ధమూ తెలియనక్కర్లేదు, మాధ్యమాల సంగతీ తెలియనక్కర్లేదు. అదే నా అభ్యంతరం.

మూడో దారి ఒకటి ఉందని నా నమ్మకం. దాన్ని చూపడానికి ముందు, ఈ రంగంలో ఇప్పటివరకు ఏ ప్రశ్న అడుగుతూ వచ్చారో కొద్దిగా చెప్పాలి.

సన్నిధి గురించిన ఆధునిక అధ్యయనం ఇంజనీర్ల చేతుల్లో రూపుదిద్దుకుంది. 1980లో మార్విన్ మిన్‌స్కీ టెలిప్రెజెన్స్ గురించి వ్యాసం రాసినప్పుడు ఆయన ఊహలో ఉన్నది దూరాన పనిచేసే యంత్రహస్తాలు. అణుకేంద్రంలో, గనిలో, సముద్రగర్భంలో మనిషి శరీరం ప్రమాదంలో పడకుండా అతని చేతులు మాత్రం అక్కడ పనిచేయాలి, అక్కడి స్పర్శ ఇక్కడి వేళ్లకు అందాలి. 1992లో ఈ విషయానికే ప్రత్యేకంగా ఎం.ఐ.టి. ప్రెస్ ఒక పత్రికను ప్రారంభించింది. 1997లో మాథ్యూ లాంబార్డ్, థెరిసా డిటన్ ఇచ్చిన నిర్వచనం ఈ రంగంలో దాదాపు ప్రమాణమైంది. మధ్యలో మాధ్యమం ఉన్నా, లేదన్న భ్రాంతి కలగడమే సన్నిధి అని దాని సారం. 2009లో మెల్ స్లేటర్ ఆ భ్రాంతిని రెండుగా విడదీశాడు. నేనక్కడే ఉన్నానన్నది ఒక భ్రాంతి, అక్కడ జరుగుతున్నది నిజంగా జరుగుతున్నదే అన్నది మరొకటి.

ఇంజనీర్లకు పూర్తి భిన్నమైన స్వభావం గల వాల్టర్ బెన్యమీన్ 1930ల మధ్యలో ఛాయాచిత్రం, సినిమాల గురించి రాస్తూ, యంత్రం తీసిన ప్రతుల్లో మూలవస్తువు తేజస్సు క్షీణిస్తుందన్నాడు. మూలం ఒకచోట, ఒకసారి మాత్రమే ఉంటుంది. ప్రతి ఎక్కడికైనా వస్తుంది, అందుకే ఆ ఒకేచోటుతనం పోతుంది. ఆయనది కేవలం విలాపం కాదు, ఆ నష్టంలో రాజకీయ విమోచన అవకాశాన్నీ ఆయన చూశాడు. అయితే మన చర్చకు కావలసిన విషయం వేరు. మాధ్యమం కనబడకుండా పోతే సన్నిధి కలుగుతుందని ఇంజనీర్లు అంటే, మాధ్యమం ద్వారా వచ్చినదానిలో మూలపు సన్నిధి తరిగిపోతుందని బెన్యమీన్ అన్నాడు. ఒకరిది ఆశ, మరొకరిది అనుమానం. ఇద్దరి లెక్కలోనూ మాధ్యమం సన్నిధికి అడ్డుగా నిలిచిన వస్తువే.

ఇక రాతి దగ్గరికి వెళదాం.

లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్న, అమరావతి మహాచైత్యపు మేధిని (గుండ్రటి అడుగుభాగాన్ని) అలంకరించిన పలకల్లో ఒకదాన్ని రెండువైపులా చెక్కారు. క్రీ.పూ. 1వ శతాబ్దిలో చెక్కిన వైపు ఒక బోధివృక్షం, దాని కింద ఆసనం, చుట్టూ భక్తులు కనిపిస్తారు. ఆసనం మీద ఎవరూ లేరు. దాదాపు మూడు నాలుగు వందల ఏళ్ల తరువాత, స్తూపాన్ని కొత్తగా తీర్చిదిద్దేటప్పుడు అదే పలకను తిప్పి వెనకవైపు మళ్లీ చెక్కారు. ఈ వైపు మహాచైత్యమే కనిపిస్తుంది. ప్రాకారం, సింహాలు, ఒక్కో దిక్కున నిలబెట్టే అయిదేసి ఆయక స్తంభాలు, గుమ్మం ఎదుట నిలుచున్న బుద్ధుడు. మూలస్తూపం మన కళ్లముందు శిథిలమైపోయినా, అది నిలిచి ఉన్నప్పుడు ఎలా ఉండేదో చరిత్రకారులు ఊహించుకోవడానికి ముఖ్యమైన ఆధారం ఇలాంటి పలకలే. స్తూపం మీద స్తూపం బొమ్మ చెక్కిన ఆ శిల్పి, తాను పనిచేస్తున్న మాధ్యమాన్నే తన బొమ్మకు విషయం చేసుకున్నాడు.

బుద్ధుడు లేని ఆసనాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నదాని మీద శతాబ్దం పొడవునా వాదం నడిచింది. ఫ్రెంచి పండితుడు ఫూషే, బుద్ధుణ్ణి మనిషి రూపంలో చూపడం గాంధార శిల్పుల ద్వారా గ్రీకు ప్రభావంతో వచ్చిందన్నాడు. 1927లో ఆనంద కుమారస్వామి దాన్ని ఖండించి మూర్తికళ మూలాలు భారతీయమేనని వాదించాడు. 1990లో సూసన్ హంటింగ్టన్ అసలు ప్రశ్ననే తిరగేసింది. ఈ శిల్పాల్లో చాలావాటిలో ఉన్నది బుద్ధుడి జీవిత ఘట్టం కాదు, ఆయన వెళ్లిపోయాక ఆ పవిత్ర స్థలాల్లో జరిగిన పూజ, కాబట్టి అక్కడ లేనిదేమీ లేదు అన్నది ఆమె వాదం. మరుసటి ఏడాదే విద్యా దెహేజియా, ఒకే చిహ్నం ఒకచోట బుద్ధుణ్ణి, ఒకచోట స్థలాన్ని, మరోచోట గుణాన్ని సూచించగలదని బదులిచ్చింది. ఇంతమంది పండితులు ఇంతకాలం వాదించుకోవడానికి కారణం ఆ ఖాళీ ఆసనం తనను తాను దాచుకోకపోవడమేనని నాకనిపిస్తుంది. అది బుద్ధుడిలా కనిపించే ప్రయత్నమే చేయదు. నేను రాయిని, నాపై ఎవరూ లేరు అని చెబుతుంది. అయినా దాని ఎదుట భక్తుడు మోకాళ్లు వంచాడు.

అమరావతిలో ఆసనమూ మూర్తీ ఒకదాని తరువాత ఒకటిగా మాత్రమే లేవు, పక్కపక్కన కూడా ఉన్నాయి. మూర్తి వచ్చిందని ఆసనాన్ని తీసేయలేదు. మాధ్యమం మెరుగుపడేకొద్దీ పాతది పోతుందన్న మన కాలపు లెక్క అక్కడ పనిచేయదు.

ఇప్పుడు నా ప్రతిపాదన చెబుతాను. బౌద్ధ సమాజాలు రెండువేల ఏళ్లకు పైగా, వెళ్లిపోయినవాడు వెళ్లిపోయాడన్న సంగతిని దాచకుండా, మధ్యలో ఉన్న వస్తువు వస్తువేనన్న సంగతినీ దాచకుండా, సన్నిధిని నిర్మించుకున్నాయి. ఆ నిర్మాణం ఏయే కారణాలు కూడితే జరిగింది, ఏవి లోపిస్తే జరగలేదు అన్నదే మన పరిశోధన ప్రశ్న కావాలి. మాధ్యమం ఎంత పారదర్శకంగా ఉందన్నది అందులో ఒక చిన్న భాగం మాత్రమే.

ఈ ప్రశ్న నేను బౌద్ధం మీద బయటినుంచి రుద్దుతున్నది కాదు. మిలిందపన్హలో మిలిందుడు నాగసేనుణ్ణి నిలదీసే చోట ఇది సూటిగానే ఉంది. బుద్ధుడు పూజను స్వీకరిస్తాడంటే ఆయన పరినిర్వాణం పొందలేదన్నమాట. స్వీకరించడంటే, స్వీకరించనివాడికి చేసే పూజ వ్యర్థం. రాజు ప్రశ్నకు రెండు కొమ్ములూ పదునైనవే. నాగసేనుడు తప్పించుకోడు. స్వీకరించడని ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, ఆరిపోయిన మహాగ్ని ఉదాహరణ ఇస్తాడు. ఆ మంట ఇక కట్టెల్ని కోరదు. అంతమాత్రాన లోకంలో నిప్పు లేకుండా పోలేదు, కావలసినవారు తమ ప్రయత్నంతో అరణి మథించి రాజేసుకుంటారు. అలాగే ధాతువుల్ని (బుద్ధుడి అస్థి అవశేషాల్ని) ఆశ్రయించి చేసిన పూజ ఫలిస్తుంది. గమనించండి. ఇక్కడ పని అంతా ఈవలివైపే జరుగుతోంది. అవతల ఎవరో ఉండి అందుకోవడం లేదు. సన్నిధి గురించి నేను చదివిన ప్రాచీన వివరణల్లో ఇంత నిర్మొహమాటమైనది మరొకటి లేదు.

ధాతువుల మాట వచ్చింది కనుక భట్టిప్రోలు దగ్గర కాసేపు ఆగాలి. మహాపరినిర్వాణ సూత్రం ప్రకారం చితి ఆరిన తరువాత ధాతువుల కోసం రాజులు యుద్ధానికి సిద్ధపడ్డారు. ద్రోణుడనే బ్రాహ్మణుడు వాటిని ఎనిమిది భాగాలు చేసి తగవు తీర్చి, కొలిచిన పాత్రను తనకు ఉంచుకున్నాడు. కొలపాత్ర మీద కూడా స్తూపం లేచింది. మోసుకొచ్చిన వస్తువుకూ గౌరవం దక్కిందన్నమాట. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే తవ్వకాల్లో మూడు రాతి భరిణెలు బయటపడ్డాయి. వాటిలో స్ఫటికపు భరిణె, దానిలో ధాతువు. రాతి భరిణెల మీది బ్రాహ్మీ శాసనాల్ని బ్యూలర్ చదివి ప్రకటించాడు. తెలుగు నేల మీద దొరికిన అతి ప్రాచీన రాతల్లో అవి ఒకటి. అక్కడి లిపికి సొంత పోకడలుండటంతో దాన్ని భట్టిప్రోలు లిపి అనే పిలుస్తున్నారు. ఒక శాసనం, కురుడి తండ్రి, తల్లి, కురుడు, శివుడు అనేవారు బుద్ధధాతువును నిక్షేపించడానికి భరిణెనూ స్ఫటిక సముద్గకాన్నీ చేయించారని చెబుతుంది. మరోచోట కుబిరకుడనే రాజు పేరు, గోష్ఠి సభ్యుల పేర్లు ఉన్నాయి.

ఆ అక్షరాలు ఎవరు చదవాలని చెక్కారు? భరిణె మూత మూసి, స్తూపం మధ్యలో ఇటుకల కింద పూడ్చేశాక ఇక దాన్ని చూసేవారు లేరు. 1892లో గునపం పడకపోతే ఈనాటికీ చూసేవారు ఉండరు. మాధ్యమమంటే సందేశాన్ని ఒకరి నుంచి ఒకరికి చేరవేసేదన్న పాఠ్యపుస్తక నిర్వచనం ఈ భరిణె ముందు ఆగిపోతుంది. ఈ రాత చేరవేయడానికి కాదు, పక్కన ఉండటానికి. దాతల పేర్లు ధాతువు పక్కన శాశ్వతంగా ఉంటాయి. పుణ్యస్థలంలో శరీరాన్ని కాకపోతే పేరునైనా ఉంచాలన్న కోరికను గ్రెగరీ షోపెన్ అనేక భారతీయ స్థలాల ఆధారాలతో వివరించాడు. స్తూపం చుట్టూ తమవారి అస్థికల్ని నిక్షేపించిన చిన్న స్తూపాలు వందలుగా లేవడం అందుకేనన్నాడు. జర్నలిజం విద్యార్థికి ఇది దూరపు విషయమనిపించవచ్చు. చదివేవారు లేని రాత, వినేవారు లేని మాట ఏ పని చేస్తాయో తెలియకుండా, మాధ్యమం ఏ పని చేస్తుందో చెప్పలేం.

మన ప్రాంతానికి చెందిన మరో ఆధారం ఇంకా విలువైనది. నాగార్జునుడు సాతవాహన రాజుకు రాశాడని సంప్రదాయం చెప్పే సుహృల్లేఖ ఒక ఉత్తరం. సంస్కృత మూలం నిలవలేదు, టిబెటన్, చైనీస్ అనువాదాల్లో అది బతికింది. 7వ శతాబ్దిలో భారతదేశం వచ్చిన చైనా యాత్రికుడు ఇత్సింగ్, ఇక్కడి విద్యార్థులు చదువు తొలిదశలోనే దాన్ని కంఠస్థం చేస్తారని రాశాడు. ఒక రాజుకు రాసిన ఉత్తరం, ఎవరికి రాశారో తెలియని పిల్లలందరి నోటికీ వచ్చింది. ఆ ఉత్తరం మొదట్లోనే నాగార్జునుడు ఒక మాటంటాడు. సుగతుడి ప్రతిమ కొయ్యతో చేసినదైనా, పనితనం లేనిదైనా, విజ్ఞులు దాన్ని పూజిస్తారు కదా, అలాగే నా కవిత్వం పేలవమైనదైనా సద్ధర్మాన్ని చెబుతోంది కనుక తృణీకరించకు అని దాని భావం. ఇది వినయంగా చెప్పిన మాటే. వినయంతో పాటు ఇందులో ఒక సిద్ధాంతం ఉంది. కొయ్య కొయ్యేనని చూసేవాడికి తెలుసు. చెక్కడం మోటుగా ఉందనీ తెలుసు. తెలిసి పూజిస్తాడు. పూజకు కారణం ప్రతిమ సుగతుడిలా ఉండటం కాదు, పూజించేవాడి విజ్ఞత. లాంబార్డ్, డిటన్ల నిర్వచనాన్ని ఈ ఒక్క పద్యభావం పక్కన పెట్టి చూస్తే, రెండు ఆలోచనా లోకాల మధ్య దూరం తెలిసిపోతుంది.

నాగార్జునుడి మూలమధ్యమకకారికలో ఒక ప్రకరణం తథాగతుడి మీదే ఉంది. పరినిర్వాణం తరువాత ఆయన ఉన్నాడనీ లేడనీ, రెండూననీ, రెండూ కాదనీ చెప్పడానికి వీల్లేదన్నది అందులోని తీర్పు. పరినిర్వాణానికి ముందు కూడా అంతే! బతికి ఎదుట కూర్చున్న గురువు సన్నిధి కూడా తనంతట తాను నిలిచేది కాదు, ప్రత్యయాలు (తోడ్పడే కారణాలు) కూడితే కలిగేది. ఇది ఒప్పుకుంటే, ఎదురెదురుగా కూర్చోవడం అసలు, తెర మీద చూడటం నకలు అన్న విభజన పునాది కదిలిపోతుంది. రెండూ కారణాలతో కలిగేవే. తేడా ఉంటుంది. ఆ తేడా ఏ కారణాల్లో ఉందో వెతకాలి తప్ప, ఒకదానికి ముందే పట్టం కట్టకూడదు.

ఈ ఆలోచన ధ్యానసాధనలో ఎలా పనిచేసిందో చూడటానికి ప్రత్యుత్పన్న సమాధి సూత్రాన్ని మించిన గ్రంథం లేదు. ప్రస్తుతం ఉన్న బుద్ధులు ఎదుట నిలిచే సమాధి అని దాని పేరుకు తాత్పర్యం. క్రీ.శ. 179లో లోకక్షేముడు దాన్ని చైనీస్‌లోకి తెచ్చాడు, అంటే మూలం అంతకు ముందుదే. సాధకుడు శీలం పాటిస్తూ ఏకాంతంలో అమితాభుణ్ణి పగలూ రాత్రీ స్మరిస్తాడు. ఏడు రోజులకు బుద్ధుణ్ణి చూస్తాడు, ఆయన మాట వింటాడు. ఆ తరువాత తనను తాను ప్రశ్నించుకుంటాడు. ఆ బుద్ధుడు ఎక్కడినుంచైనా వచ్చాడా? నేను ఎక్కడికైనా వెళ్లానా? ఎవరూ రాలేదు, ఎవరూ వెళ్లలేదు, ఇది చిత్తం చేసినది అని గ్రహిస్తాడు. ఆ గ్రహింపుతో దర్శనం అబద్ధమైపోదు. దర్శనమూ దాని నిర్మాణం తెలియడమూ ఒకే సాధనలో రెండు మెట్లు. ఈనాటి వర్చువల్ రియాలిటీలో ఇది కళ్లజోడు, ఇది తెర అని గుర్తుకు రావడం అనుభవం భంగపడటమే. ఈ సూత్రంలో మాత్రం ఆ గుర్తుకు రావడమే అనుభవానికి పరిపూర్తి.

నా వాదానికి ఎదురు నిలిచే సాక్ష్యాన్ని దాచిపెట్టి ముందుకు వెళ్లడం ఈ వేదిక మీద మర్యాద కాదు. బౌద్ధదేశాల్లో మాధ్యమాన్ని మరచిపోయేలా చేసే ఆచారాలూ ఉన్నాయి. శ్రీలంకలో బుద్ధప్రతిమకు కళ్లు దిద్దే నేత్రమంగళ క్రతువును కుమారస్వామి 1908 నాటి గ్రంథంలో, రిచర్డ్ గోంబ్రిచ్ 1966 నాటి వ్యాసంలో వర్ణించారు. చిత్రకారుడు ప్రతిమ ముఖంలోకి సూటిగా చూడడు. వీపు తిప్పి, అద్దంలో చూసుకుంటూ, భుజం మీదుగా కుంచె చాచి కంటిపాపలు దిద్దుతాడు. తెరుచుకున్న కంటి తొలిచూపు మనిషి మీద పడితే ప్రమాదమన్నది నమ్మకం. మన దేవాలయాల్లో ప్రతిష్ఠవేళ జరిగే నేత్రోన్మీలనం ఎరిగినవారికి ఇది కొత్త కాదు. కొయ్య కొయ్యేనని అక్కడెవరూ అనరు. అలాగే స్తూపంలోని ధాతువుకు ఆస్తిహక్కులున్న వ్యక్తిగా గుర్తింపు ఉండేదని షోపెన్ శాసనాలతో చూపాడు. కాబట్టి నాగసేనుడి జవాబే బౌద్ధమంతా అనను. బౌద్ధం ఈ ప్రశ్నతో ఇరువైపుల నుంచీ పెనుగులాడింది, తలుపు ఒకసారి తెరిచి ఒకసారి మూసింది. అయితే అద్దం సంగతి గమనించాలి. కంటికి ప్రాణం పోసే ఆ క్షణంలో కూడా, చిత్రకారుడి చేతికి ఒక మాధ్యమం కావలసి వచ్చింది.

అచ్చు విషయంలో త్వరగా ముందుకు సాగుతాను. దాని మీద ఇప్పటికే విస్తారంగా పని జరిగింది. ప్రతీత్యసముత్పాద గాథను మట్టిబిళ్లల మీద ముద్రించి స్తూపాల్లో పెట్టిన ఆచారం భారతదేశంలో విస్తరించింది. జపాన్‌లో షోతోకు మహారాణి 764, 770ల మధ్య పదిలక్షల బుల్లి కొయ్య గోపురాలు చేయించి ఒక్కోదానిలో అచ్చువేసిన ధారణిని పెట్టించింది. వాటినెవరూ తీసి చదవాలని కాదు. దున్‌హువాంగ్ గుహలో దొరికిన 868 నాటి వజ్రచ్ఛేదిక, తేదీ ఉన్న పూర్తి అచ్చుగ్రంథాల్లో మనకు మిగిలినవాటిలో అతి పురాతనమైనది. తల్లిదండ్రుల పేర పుణ్యం కోసం అందరికీ ఉచితంగా పంచమని వాంగ్ జీ అనే ఆయన వేయించాడు. భట్టిప్రోలు భరిణె మూసిపెట్టే రాత, వాంగ్ జీది పంచిపెట్టే రాత. రెండూ ఒకే భక్తిలోంచి వచ్చాయి.

మన కాలానికి వద్దాం. మూడు ఉదాహరణలున్నా, ఒకదాని దగ్గరే ఎక్కువసేపు నిలుస్తాను.

సత్యనారాయణ గోయెంకా 1969లో బర్మా నుంచి భారతదేశం వచ్చి విపశ్యన శిబిరాలు మొదలుపెట్టారు. హైదరాబాద్ కుసుమనగర్‌లోని ధమ్మఖేత్త ఆ సంప్రదాయపు తొలి కేంద్రాల్లో ఒకటి. నాగార్జునసాగర్‌లో ధమ్మనాగజ్జున ఉంది. పదిరోజుల శిబిరానికి వెళ్లినవారు మొదటిరోజే ఫోను, పుస్తకాలు, కలం అప్పగించి మౌనంలోకి వెళతారు. హాలులో సహాయకాచార్యులు పీఠం మీద కూర్చుంటారు. ధ్యానం ఎలా చేయాలో చెప్పేది మాత్రం స్పీకర్లోంచి వచ్చే గోయెంకా గొంతు. రోజూ సాయంత్రం ప్రవచనం కూడా రికార్డింగే. 2013లో ఆయన కన్నుమూశారు. శిబిరాలు ఆగలేదు, గొంతు మారలేదు. మాధ్యమాలన్నింటినీ గుమ్మం బయట వదిలేయమన్న చోట, బోధన మొత్తం ఒక మాధ్యమం మీద నడుస్తోంది. దీన్ని వైరుధ్యం అని కొట్టిపారేయడం సులభం. నేను అలా చూడను. అక్కడ గురువు గొంతు ఒక యంత్రంలోంచి వస్తున్నదన్న సంగతి ఏ సాధకుడికీ మరుగు కాదు. ఎవరూ ఆ గొంతును ప్రత్యక్ష ప్రసారమని చెప్పరు. గొంతుకు సన్నిధి ఎక్కడినుంచి వస్తోంది? తెల్లవారుజామున నాలుగింటి గంట నుంచి, నియమం నుంచి, పక్కన కూర్చున్నవారి నిశ్చలత నుంచి, సందేహం అడిగితే మెల్లగా బదులిచ్చే సహాయకాచార్యుల నుంచి, వండి వడ్డించే పాత సాధకుల నుంచి. అదే రికార్డింగును ఇంట్లో సోఫాలో కూర్చుని వింటే అది ఒక ప్రసంగం. ఏ కారణం తీసేస్తే ఏది పోతుందో పరీక్షించడానికి ఇంత చక్కగా అమరిన స్థలం మాధ్యమ పరిశోధకులకు మరొకటి దొరకదు. తెలుగు సాధకుల అనుభవం మీద ఈ కోణంలో జరిగిన అధ్యయనం ఒక్కటీ నా కంటపడలేదు.

రెండో ఉదాహరణ క్యోటోలోని కోదాయిజి ఆలయం. 2019లో అక్కడ కన్నన్ బోధిసత్త్వుడి రూపంగా మైండార్ అనే యంత్రాన్ని నిలబెట్టారు, అది ప్రజ్ఞాపారమితా హృదయ సూత్రం మీద ప్రవచనం చెబుతుంది. ముఖం, చేతులు సిలికాన్ చర్మంతో మనిషిలా ఉంటాయి. మిగిలిన ఒళ్లంతా లోహం, తీగలు, బయటికి కనిపించే యంత్రభాగాలు. పత్రికలు దాన్ని వింతగా రాశాయి. ఖాళీ ఆసనం చూసినవారికి ఆ దాచని లోహపు ఒళ్లు అంత వింతగా ఉండదు. మూడోది, 2020 మే చివర కరోనా కాలంలో దలైలామా ధర్మశాల నుంచి ఆన్‌లైన్‌లో ఇచ్చిన అవలోకితేశ్వర అభిషేకం. తెర మీద చూసినవారికి దీక్ష అందినట్టేనా అన్న ప్రశ్న సాధకులను తాకకుండా ఉండదు. అంతకు పదునాలుగేళ్ల ముందు, 2006 జనవరిలో అదే దలైలామా అమరావతికి వచ్చి కాలచక్ర అభిషేకం ఇచ్చారు. బుద్ధుడు కాలచక్ర తంత్రాన్ని ధాన్యకటకంలో, అంటే ఈ అమరావతి దగ్గరే, ఉపదేశించాడని టిబెటన్ల విశ్వాసం. 1416లో లాసా దగ్గర వెలసిన ద్రెపుంగ్ విహారానికి ఆ పేరు ధాన్యకటకం నుంచే వచ్చింది. కృష్ణాతీరంలోని ఒక ఊరు హిమాలయాల అవతల ఆరువందల ఏళ్లుగా ఒక పేరులో బతుకుతోంది.

నాగార్జునకొండ సంగతి చెప్పకుండా ముగించలేను. 1929లో లాంగ్‌హర్స్ట్ అక్కడి మహాచైత్యంలో వెండి పేటికలో బంగారు భరిణె, దానిలో చిన్న అస్థిఖండం కనుగొన్నాడు. ఆ ధాతువు తరువాత సారనాథ్ మూలగంధకుటి విహారానికి చేరింది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో 1954 నుంచి 1960 వరకు లోయంతా తవ్వారు. కొన్ని కట్టడాల్ని విప్పి కొండ మీదా అనుపులోనూ తిరిగి కట్టారు, మరికొన్నిటికి నమూనాలు నిర్మించారు. ఇప్పుడు ఆ లోయ ఆనకట్ట నీటి కింద ఉంది. లాంచీలో కొండకు వెళ్లే యాత్రికుడు తిరిగి కట్టిన చైత్యానికి ప్రదక్షిణం చేస్తాడు. ధాతువు అక్కడ లేదు, స్థలం అది కాదు, ఇటుకలు కొంతవరకే పాతవి. అతను ఏ సన్నిధిలో ఉన్నాడు? అమరావతి శిల్పాలు లండన్, చెన్నై, అమరావతి మ్యూజియంలలో చెదిరి ఉన్నాయి. తెలంగాణలో ఫణిగిరి శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వరకూ వెళ్లి వచ్చాయి. గాజు వెనక వాటికి వందనం చేసినవారూ ఉంటారు, ఫోటో తీసుకుని కదిలినవారూ ఉంటారు. ఒకే రాయి ముందు ఈ ఇద్దరినీ వేరుచేసిన కారణాలేవి? మూలం దగ్గరుందా, నకలు దగ్గరుందా అన్న ప్రశ్న దీనికి జవాబివ్వదు.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, సిద్ధాంతంతో మొదలుపెట్టకండి. ఒక వస్తువును ఎంచుకోండి. అది ఒక ధాతుపేటిక కావచ్చు, శిబిరంలో వినిపించే ఒక రికార్డింగు కావచ్చు, తొట్లకొండ మీద ఒక స్తూపం కావచ్చు. దాని చుట్టూ మనుషులు ఏం చేస్తున్నారో, ఎంతసేపు చేస్తున్నారో, ఎవరు నేర్పారో, ఏ నియమం పాటిస్తున్నారో రాసుకోండి. ఎదుట ఉన్నది వస్తువేనని వారికి తెలుసా, ఆ తెలివి వారి అనుభవానికి అడ్డుపడుతోందా, బలమిస్తోందా అని అడగండి. ఆ తరువాతే మిన్‌స్కీనీ నాగార్జునుణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టండి.

విశ్వవిద్యాలయానికి ఒక విన్నపం. ఈ పని ఒక్క శాఖ వల్ల కాదు. బ్రాహ్మి చదవగలిగినవారు పురావస్తు శాఖలో ఉన్నారు, మధ్యమకం బోధించేవారు తత్త్వశాస్త్రంలో ఉన్నారు, శ్రోతల్నీ ప్రేక్షకుల్నీ అధ్యయనం చేసే పద్ధతులు జర్నలిజంలో ఉన్నాయి. పరిశోధక విద్యార్థి మాత్రం ఒక శాఖలో, ఒక పర్యవేక్షకుడి కింద మాత్రమే నమోదు కావలసి వస్తోంది. రెండు శాఖల ఉమ్మడి పర్యవేక్షణకు అనుమతి ఇవ్వాలని, పాలీ, ప్రాకృతాల ప్రాథమిక పాఠ్యక్రమాన్ని అన్ని శాఖల పరిశోధకులకూ తెరవాలని, వచ్చే ప్రవేశాల ప్రకటన వెలువడేలోగా ఈ రెండూ జరగాలని, ఆచార్యులవారి పేరిట జరుగుతున్న ఈ సభాముఖంగా కోరుతున్నాను.